సొంత పార్టీ మీదే పోటీ

షికాగో పడమటి వైపు ఆస్టిన్ అనే పేట ఉంది. కీనా కాలిన్స్ అక్కడే పెరిగారు. చిన్నప్పుడు తన ఇంటి ముందే ఒక హత్య చూశారు. పెద్దయ్యాక తుపాకీ హింస తగ్గించాలంటూ ఉద్యమంలోకి దిగారు. 2020లో ఎన్నికల్లోకీ దిగారు. ఎవరి మీద? సొంత డెమోక్రటిక్ పార్టీకే చెందిన డానీ డేవిస్ మీద. ఆయన అప్పటికే 1997 నుంచీ కాంగ్రెస్ సభ్యుడు.

సొంత పార్టీ మనిషి మీదే పోటీ ఎలా? మన దగ్గర టికెట్టు అధిష్ఠానం ఇస్తుంది. అమెరికాలో ఓటర్లే ఇస్తారు. అందుకు జరిగే ఎన్నికే ప్రైమరీ. ఇల్లినాయ్‌లో ఓటరు పోలింగ్ కేంద్రానికి వెళ్లి, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవాలి. ఏ పార్టీ అన్నదాంట్లో గుట్టు ఏమీ ఉండదు! డేవిస్ నియోజకవర్గం డెమోక్రాట్ల కంచుకోట. కాబట్టి ప్రైమరీ గెలిస్తే, సీటు గెలిచినట్టే.

కాలిన్స్ 2020లో ఓడారు. 2024లోనూ ఓడారు. మధ్యలో 2022లో కూడా ఓడారు గానీ, డేవిస్‌కు చెమటలు పట్టించారు. ఆమె గట్టిగా చెప్పిన మాటల్లో ఒకటి: తుపాకీ చావుల్ని ప్రజారోగ్య సమస్యగా చూడండి.