రంగుల పటములు – మన పేర్లు

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



ఈ యేటి విజ్ఞాన ప్రదర్శనమున రెండు పాత పటముల నకళ్లను గోడకు తగిలించితిమి. ఒకటి కంగారు, రెండవది పాము. కంగారు పేరు చదివి పిల్లలు గొల్లున నవ్విరి. మన మాటలో దానికి గల రెండవ అర్థము మీ రెరుగుదురు కదా!

ఆ రెండు పటములును ఒకే గ్రంథమాలలోనివి. లండనులో 1789 నుండి 1813 వరకు నెలనెలా వెలువడిన 'నాచురలిస్ట్స్ మిసెలెనీ' దాని పేరు. వ్రాసినవాడు జార్జి షా, పటములు నాడరువి. రాగిరేకుపై గీతలు చెక్కి, సిరా పట్టించి, తుడిచి, కాగితముపై ఒత్తెడివారు. అంతవరకు నలుపే. రంగులన్నియు పిమ్మట కుంచెతో, ఒక్కొక్క కాగితమునకు వేరువేరుగ అద్దవలసినదే. మీ జకార్డు మగ్గముపై అట్టలు నడిచినట్లే చద్దరుపై పువ్వు దిగును; రాగిరేకు పనియు అట్టిదే. కాని చేతిరంగు వలన ఏ రెండు ప్రతులును అచ్చముగా ఒక్క తీరున నుండవు.

కడుపుసంచిలో పిల్లను పెంచు ఈ జంతువును 1770లో కుక్ దొర నావికులు ఆస్ట్రేలియాలో చూచిరి. ఎండెవర్ నదీతీరమున గూగు యిమిథిర్ భాష మాటలాడు జనులు దానిని 'గంగుర్రు' అనిరి. 1772లో స్టబ్స్ అను చిత్రకారుడు బ్రతికిన జంతువును చూడకయే, తెచ్చిన చర్మమును ఉబ్బించి బొమ్మ వ్రాసెను. 1790లో షా దానికి శాస్త్రనామ మిచ్చెను. అయినను లోకమున నిలిచినది ఆ చిన్న జాతివారి మాటయే.

ఇక పాము. అది మన విశాఖపట్టణపుది. అచ్చట కుంపిణీ కొలువులో నుండిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు, విషసర్పములను జనులు గుర్తింపవలెనని పాములను సేకరించి, 1796లో చేతిరంగుల పటములతో గ్రంథము ప్రకటించెను. అందు తెలుగు పేర్లనే వ్రాసికొనెను. ఈ పాము పేరు 'కాటుక రేకుల పొడ'. పొడ యనగా మచ్చ. ఎంత చక్కని పేరు! 1797లో షా దానికి రసెల్ పేరు పెట్టెను. మన కాటుక చెరిగిపోయెను. కాని రసెల్ వ్రాసికొన్న 'బంగారు పాము' మిగిలినది. 1803లో దోదాఁ అను ఫ్రెంచివాడు కట్లపాముల జాతికి 'బుంగారస్' అని పేరిడెను. నేటికిని ప్రపంచమంతట అదే వాడుక.

ఇది యంతయు ఏల చెప్పుచుంటి ననగా, జూన్ మాసమున ఒక తండ్రి టి.సి. అడుగవచ్చి, "సార్, ఈ తెలుగుతో మావానికి ఏమి లాభము?" అనెను. పవర్‌లూముపై రాత్రి పాళీ ముగించి నేరుగా వచ్చినవాడు, కన్ను లెఱ్ఱగ నుండెను. ఆయన ప్రశ్న తప్పు కాదు. నాకు వెంటనే సమాధానము తోచలేదు. టి.సి. వ్రాసి యిచ్చితిని.

ప్రదర్శనము నాడు ఏడవ తరగతి బాలు డొకడు పాము పటమును చూచి, "ఇది ఘోణస్, సార్" అని మరాఠీలో చెప్పెను. మఱునాడు వచ్చి, "మా నాయనమ్మ దీనిని రక్తపింజర అన్నది" అనెను. 'కాటుక రేకుల పొడ' అని నేను బల్లపై వ్రాసితిని. ఒకే పామునకు వానికి మూడు పేర్లు వచ్చినవి. ఇక్కడి డాక్టరునకు మొదటి పేరు చెప్పవలెను, ఇంటిలో రెండవది చెప్పవలెను.

మీ యిండ్లలో పెద్దలు చెప్పు పాముల పేర్లు, చెట్ల పేర్లు, రంగుల పేర్లు, మగ్గపు పనిముట్ల పేర్లు పిల్లలచే వ్రాయించి పంపుడు. అందులకై ఒక నోటుపుస్తకమును ఆఫీసు గదిలో కిటికీ ప్రక్క బల్లపై నుంచితిని. మొదటి పుటలో ఆ నాయనమ్మ చెప్పిన పేరు కలదు.