పేర్లు మనవి, జాబితా ఎవరిది?

(డిగ్రీ, పీజీ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పార్టీల సోషల్ మీడియా ఆఫీసులల్ల కొలువులు మంచిగున్నయట. పోవాల్నా, వద్దా?" పోవద్దని నేను చెప్పను. పోయేముందు ఒక మనిషి కథ విని పొమ్మంటాను. అంతకంటే ముందు నా నోటుబుక్కు కథ రెండు ముక్కల్లో చెప్తాను.

2011లో నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. ఊరూరికీ తిరిగి, ఎవరు రాస్తారోకోకు వస్తారు, ఎవరు వంటకు బియ్యం ఇస్తారు, ఎవరికి ఫోన్ చేస్తే పది మందిని తీసుకొస్తారు అని పేర్లు, నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. ఒక నాయకుడి మనిషి వచ్చి, జిరాక్స్ తీసి ఇస్తానని పట్టుకపోయిండు. మళ్లీ రాలేదు. కొన్నేండ్లకు ఎన్నికలొచ్చినప్పుడు ఆ నాయకుడికి ఓటెయ్యమని అందరికీ మెసేజ్‌లు వచ్చినయి. బియ్యమిచ్చిన పెద్దవ్వ కొడుకు నాకు ఫోన్ చేసి అడిగిండు: "అన్నా, నా నంబర్ ఆయనకెట్ల పోయింది?" నా దగ్గర జవాబు లేకుండె. ఇయ్యాల నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టే.

ఇక ఆ మనిషి. పేరు జో రోస్పార్స్, అమెరికావాడు. ఎన్నికల ప్రచారంలో డిజిటల్ వ్యూహకర్త అనే కొలువు ఇంకా పేరు కూడా పెట్టుకోని కాలంలో ఆ పనిలోకి దిగినవాడు. 2003లో వెర్మాంట్ రాష్ట్ర మాజీ గవర్నర్ హోవార్డ్ డీన్ అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ పార్టీ టికెట్ కోసం పోటీకి దిగాడు. ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు. పార్టీ పెద్దల అండ లేదు. అప్పుడు ఆయన మనుషులు ఇంటర్నెట్‌ను ఆసరా చేసుకున్నారు. వెబ్‌సైట్ మీద ఒక బేస్‌బాల్ బ్యాట్ బొమ్మ పెట్టి, చందా పెరిగినకొద్దీ అది నిండుతున్నట్లు చూపెట్టేవాళ్లు. ఆ ప్రచారంలో రాతపని చేసిన పిల్లల్లో రోస్పార్స్ ఒకడు.

2004 జనవరి 19న అయోవాలో డీన్ మూడో స్థానంలో పడ్డాడు. అక్కడితోనే ఆయన కథ దిగజారింది. మనిషి ఓడాడు గానీ పనిముట్టు మిగిలింది. అదే ఏడాది డీన్ దగ్గర పనిచేసిన నలుగురు కలిసి బ్లూ స్టేట్ డిజిటల్ అనే కంపెనీ పెట్టారు. రోస్పార్స్ అందులో భాగస్వామి. ఉద్యమంలో నేర్చిన పని వ్యాపారం కావడం అక్కడ మొదలైంది. అది తప్పని నేను అనను, కడుపు అందరికీ ఉంటుంది. కానీ ఆ మలుపు గుర్తుపెట్టుకోండి.

2007 ఫిబ్రవరి 10న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒబామా పోటీ ప్రకటించాడు. రోస్పార్స్ ఆయన ప్రచారానికి న్యూ మీడియా డైరెక్టర్ అయ్యాడు. వాడిన సాఫ్ట్‌వేర్ ఆయన కంపెనీదే. దాని మీద నడిచిన వెబ్‌సైట్లో ఎవరైనా పేరు రాసుకోవచ్చు, తన వాడకట్టులో మీటింగ్ పెట్టుకోవచ్చు, ఇంట్ల కూర్చుని ఓటర్లకు ఫోన్లు చేయవచ్చు. పైనుంచి ఆర్డర్ కోసం ఎదురుచూడక్కర లేదు.

ఈ పనిలో మంత్రం ఏమీ లేదు, ఓపిక ఉన్నది. ఒక ఉదాహరణ. వెబ్‌సైట్ తెరవగానే కనిపించే పేజీలో ఏ బొమ్మ పెట్టాలి, బటన్ మీద ఏం రాయాలి అని వాళ్లు పెద్ద మనుషులను అడగలేదు. వచ్చిన జనానికి రకరకాలుగా చూపి లెక్క తీశారు. ఆఫీసులో వాళ్లకు నచ్చిన వీడియోలు ఓడిపోయినయి. ఒబామా కుటుంబం ఫొటో, "మరింత తెలుసుకోండి" అన్న బటన్ గెలిచినయి. అంతకుముందు నూటికి 8.26 మంది పేరిస్తుంటే, ఆ మార్పుతో 11.6 మంది ఇచ్చారు. ప్రచారం ముగిసేసరికి జాబితాలో 1 కోటి 30 లక్షల ఈ-మెయిల్ అడ్రసులు ఉన్నయి. ఇంటర్నెట్ ద్వారా 30 లక్షల మంది ఇచ్చిన చందా 50 కోట్ల డాలర్లు దాటింది. 65 లక్షల సార్లు చందా వస్తే, అందులో 60 లక్షలు వంద డాలర్లు, అంతకులోపువే. పైసా పైసా కూడబెట్టిన బలం అది.

ఇప్పుడు అసలు మాట. ఆ జాబితా ఎవరిది? ఆ ప్రశ్న ఒబామా ప్రచారంలో మూడుసార్లు లేచింది.

మొదటిసారి 2007లో. మైస్పేస్ అనే సైట్లో ఒబామా పేరుతో ఒక మామూలు అభిమాని ఎప్పటినుంచో పేజీ నడుపుతున్నాడు. లక్షా అరవై వేల మంది చేరారు. అది తమ చేతికి కావాలని ప్రచారంవాళ్లు అడిగారు. నా కష్టానికి డబ్బివ్వండని ఆయన అన్నాడు. వీళ్లు ఇవ్వలేదు. చివరికి ఆ అడ్రసును మైస్పేస్ ప్రచారంవాళ్లకే అప్పజెప్పింది. పెంచినవాడికి అడ్రసు పోయింది.

రెండోసారి 2008 జూన్, జూలైలలో. ప్రభుత్వానికి సహకరించి జనం ఫోన్లు విన్న టెలిఫోన్ కంపెనీలను కేసుల నుంచి కాపాడే బిల్లు ఒకటి వచ్చింది. వ్యతిరేకిస్తానన్న ఒబామా మాట మార్చాడు. అప్పుడు ఆయన సొంత వెబ్‌సైట్లోనే కార్యకర్తలు ఒక గ్రూపు కట్టి, "వద్దు" అన్నారు. కొద్ది రోజుల్లోనే అది ఆ సైట్లోకెల్లా పెద్ద గ్రూపు అయింది. రోస్పార్స్ బృందం దాన్ని తీసెయ్యలేదు, ఆ పెద్దమనిషితనం ఒప్పుకోవాలి. జూలై 3న ఒబామా వాళ్లకు రాతపూర్వకంగా సమాధానం కూడా ఇచ్చాడు. కానీ జూలై 9న బిల్లుకు అనుకూలంగానే ఓటేశాడు. మాట్లాడే హక్కు దొరికింది, నిర్ణయించే హక్కు దొరకలేదు.

మూడోసారి గెలిచినంక. పార్టీకి బయట స్వతంత్ర సంఘంగా ఉండాలన్న ఆలోచన లోపల్లోపల నడిచింది. కానీ 2009 జనవరిలో ఆ జాబితాను, ఆ జనాన్ని "ఆర్గనైజింగ్ ఫర్ అమెరికా" పేరుతో డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ కిందికి తెచ్చారు. జనానికి ఈ-మెయిళ్లు వచ్చినయి, పని మాత్రం పైనుంచే వచ్చింది. 2010 నవంబర్లో ఆ పార్టీ ప్రతినిధుల సభలో 63 సీట్లు పోగొట్టుకున్నది. దానికి ఇదొక్కటే కారణమని చెప్తే అబద్ధమవుతుంది, ఉద్యోగాలు పోయి జనం కడుపుమంటతో ఉన్నారు. కానీ సీజర్ చావెజ్‌తో కలిసి వ్యవసాయ కూలీల సంఘంలో 16 ఏండ్లు పనిచేసిన మార్షల్ గాంజ్, ఒబామా కార్యకర్తలకు పాఠాలు చెప్పినవాడు, ఆ ఓటమి తర్వాత బహిరంగంగానే రాశాడు: జనాన్ని కదిలించే నాయకత్వాన్ని వదిలి బేరసారాల నాయకత్వంలోకి జారిపోయారని దాని సారాంశం.

మరి మన రోస్పార్స్? ఆ గెలుపు తర్వాత మూడేండ్లు నిండకముందే ఆయన కంపెనీని లండన్‌కు చెందిన డబ్ల్యూపీపీ అనే భారీ ప్రకటనల సంస్థ కొనుక్కున్నది. 2012లో ఆయన ఒబామాకు ముఖ్య డిజిటల్ వ్యూహకర్త. అప్పటికి ఒక్కో ఉత్తరాన్ని డజనుకు పైగా రకాలుగా రాసి పరీక్షించేవాళ్లు. 2020లో ఎలిజబెత్ వారెన్‌కు ముఖ్య వ్యూహకర్త. ఆమె ఒక్క రాష్ట్రం గెలవక, సొంత మసాచుసెట్స్‌లో మూడో స్థానంలో నిలిచి, మార్చి 5న తప్పుకున్నది. డీన్‌తో ఓటమి, ఒబామాతో రెండు గెలుపులు, వారెన్‌తో ఓటమి. పనిముట్టు ఒక్కటే ఎవరినీ గెలిపించదని ఆయన జీవితమే చెప్తున్నది.

తమ్మీ, పొద్దున నువ్వడిగినదానికి ఇదీ నా జవాబు. పో. ఆ పని నేర్చుకో, అది విద్య. కానీ మొదటి రోజే మూడు సంగతులు అడుగు. పేరిచ్చినవాళ్లకు ఆ పేరు ఎందుకు తీసుకుంటున్నమో చెప్తున్నమా? వాళ్లు "నా పేరు తీసెయ్" అంటే తీసేస్తమా? గెలిచినంక ఈ జాబితా ఎవరి చేతుల్లో ఉంటది? ఈ మూడింటికి జవాబు లేని ఆఫీసులో నీకు జీతం రావచ్చు. కానీ ఒకనాడు ఏదో ఒక పెద్దవ్వ కొడుకు నీకు కూడా ఫోన్ చేస్తాడు.

నాకైతే ఆ ఫోన్ వచ్చింది. ఆయనకు ఇయ్యాల మీ అందరి ముందర చెప్తున్నాను: తమ్మీ, నీ నంబర్ నా నోటుబుక్కులోంచే పోయింది. అడగకుండ ఇచ్చిన, తప్పు నాదే.