చావు మరిచిన కణం



కడుపులో మంటంటే మన ఇళ్లలో గ్యాస్ అనేసి ఓ గోలీ మింగుతాం. చాలామందికి అది నిజంగా గ్యాసే. కానీ ఆ మాట చాటున జీర్ణాశయ క్యాన్సర్ నెలల తరబడి దాక్కోగలదు. అందుకే ఈ సంగతి మీ ముందుకు తెచ్చాను.

కణం రెండుగా చీలినప్పుడల్లా క్రోమోజోముల కొసలు కాస్త అరుగుతాయి. ఆ కొసలే టెలోమియర్లు. చీర కొంగు దారాలు ఊడకుండా వేసే ముడుల్లాంటివి. అవి బాగా అరిగిపోయాక మామూలు కణం చీలడం మానేస్తుంది. క్యాన్సర్ కణం మానదు. టెలోమరేజ్ అనే ఎంజైమును మేల్కొలిపి, అరిగిన కొసను మళ్లీ అల్లుకుంటుంది. ఈ ఎంజైమును 1984లో కరోల్ గ్రైడర్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ మంచినీటి ఏకకణజీవిలో కనిపెట్టారు. 2009లో జాక్ షోస్టాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. నూటికి 85 క్యాన్సర్లలో ఈ ఎంజైము చురుగ్గా ఉంటుంది. జీర్ణాశయ కణితులూ ఎక్కువగా ఆ బాపతే.

టెలోమరేజ్‌ను ఆపితే? ప్రయోగశాలలో జీర్ణాశయ క్యాన్సర్ కణాల్లో ఆపి చూశారు. కణం ముడుచుకుంటుంది. పైపొర బుడగలు కడుతుంది. కేంద్రకం తునకలవుతుంది. ఒంట్లోనైతే ఆ తునకలను చుట్టుపక్కల కణాలు మింగేస్తాయి, వాపు రాదు. ఈ చావునే అపాప్టోసిస్ అంటాం.

అయితే చిక్కులున్నాయి. కొసలు అరిగి కణం చచ్చేలోపు కణితి ఇంకా పెరుగుతుంది. ఎముక మజ్జలోని మూలకణాలకూ టెలోమరేజ్ కావాలి కాబట్టి రక్తకణాలు పడిపోతాయి. టెలోమరేజ్‌ను ఆపే ఇమెటెల్‌స్టాట్ అనే మందును 2024 జూన్‌లో అమెరికా అనుమతించింది. అది మజ్జ జబ్బుతో పదే పదే రక్తం ఎక్కించుకునే కొందరి కోసం, జీర్ణాశయ క్యాన్సర్‌కు కాదు. టెలోమియర్ మందంటూ ఎవరైనా గోలీలు అమ్మజూపితే కొనకండి.

అలాగని ఈ పరిశోధనపై చిన్నచూపూ వద్దు. క్యాన్సర్ మందుల తొలి అడుగులు చిన్నవిగానే ఉంటాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకిచ్చి, 1948లో ఫలితం ప్రకటించారు: 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గింది, అదీ తాత్కాలికంగా. ఆ దారిలోనే వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ ఎందరో పిల్లల్ని బతికిస్తోంది.

జీర్ణాశయ క్యాన్సర్‌కు టెలోమరేజ్ మందు వచ్చేదాకా మన చేతిలో ఉన్నది వేరే ఉంది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా జీర్ణాశయ క్యాన్సర్‌కు పెద్ద కారణం. అది యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది. బరువు తగ్గినా, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టున్నా, మలం నల్లగా వచ్చినా, ముద్ద గొంతు దిగకపోయినా గోలీలతో సరిపెట్టకండి. డాక్టర్ని అడిగి ఎండోస్కోపీ చేయించుకోండి. డబ్బుకు ఇబ్బందైతే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు వద్దన్నా దగ్గరుండి తీసుకెళ్లండి.