సంచే లేదు గదా, ఇంకేం జారుతుంది?
(స్త్రీల ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయానికి మన ఇళ్లలో సరైన పేరు కూడా లేదు. 'కింద బాగాలేదు' అంటారు. 'ఏదో దిగుతోంది' అంటారు. అంతకు మించి మనం అడగం, వాళ్లూ చెప్పరు. వైద్యులు దీన్ని గర్భాశయ భ్రంశం అంటారు. మనం గర్భసంచి జారడం అనే అందాం.

కొన్నేళ్ల కిందట మహబూబ్‌నగర్ జిల్లాలో వ్యవసాయ కూలీ స్త్రీల పని గంటల గురించి సమాచారం సేకరిస్తున్నాను. నాట్లు వేస్తున్న ఒకామె మాటిమాటికీ గట్టు మీదికొచ్చి కూర్చుంటోంది. నడుం నొప్పా అని అడిగాను. "నడుం కాదు మేడం. కిందికి దిగుతది. గుడ్డ కట్టుకొని పని చేస్త" అంది. ఎప్పటి నుంచి అన్నాను. "చిన్నోడు పుట్టినప్పటి సంది. వాడిప్పుడు ఇంటర్ చదువుతుండు."

పదహారేళ్లు! నా ప్రశ్నాపత్రంలో ఆ బాధ రాసుకోవడానికి ఒక్క గడి కూడా లేదు.

ఆమెను చూసి జాలిపడే అర్హత నాకు లేదు. రెండో కాన్పు తర్వాత దగ్గినా, నవ్వినా నాకూ మూత్రం పడిపోయేది. స్త్రీలకు తమ శరీరం మీద ఉండాల్సిన హక్కు గురించి వ్యాసాలు రాస్తూనే, ఆరేళ్ల పాటు ఏ డాక్టరుకీ చెప్పుకోలేకపోయాను. చదువు ఒక్కటే సిగ్గును పోగొట్టదు.

ఈ మౌనం ఎంత లోతైనదో రాణీ బంగ్, ఆమె సహచరులు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో చూపించారు. రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకు ముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. 1989లో లాన్సెట్ పత్రికలో ఈ అధ్యయనం వచ్చింది.

ఇంతకీ జారడమంటే ఏమిటి? పొత్తికడుపు అడుగున కండరాలూ, బంధనాలూ ఉట్టిలాగా గర్భసంచిని, మూత్రసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని మోస్తుంటాయి. వరస కాన్పులు, గంటల తరబడి సాగే నొప్పులు, పట్టకారు వేసి చేసే కాన్పులు ఈ ఉట్టిని సాగదీస్తాయి. పచ్చి బాలింత బిందెలు, కట్టెల మోపులు ఎత్తితే, పొయ్యి పొగకు ఏళ్ల తరబడి దగ్గితే, మలబద్ధకంతో ముక్కితే ఇంకా వదులవుతుంది. ముట్లుడిగాక మరింత బలం తగ్గుతుంది. ఇందులో వయసు పాత్ర కొంతే. స్త్రీల చేత చేయించే చాకిరీ పాత్ర కూడా ఉంది. 2017లో చట్టాన్ని సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. నాట్లు వేసే మనిషికి సెలవెవరిస్తారు?

ఆమె సంగతికి వస్తాను. అప్పు చేసి పట్నంలో గర్భసంచి తీయించుకుంది. నెల తిరక్కుండానే కూలికి వెళ్లింది. రెండేళ్లకు మళ్లీ కనిపించి, "సంచే లేదు గదా మేడం, ఇంకేం జారుతది?" అని అడిగింది.

తెగింది ఉట్టి. తీసింది కుండ. ఉట్టిని సరిచేయకుండా కుండను తీసేస్తే యోని గోడలు, మూత్రసంచి కిందికి దిగవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు. 'పిల్లలు పుట్టారుగా, ఇంకా దాంతో పనేముంది' అన్నారట.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8 శాతం. ఇవన్నీ జారినందుకు చేసినవి కావు. ఆపరేషన్ అసలు వద్దని కూడా నేననడం లేదు. బాగా జారినప్పుడు అది అవసరం కావచ్చు. అవసరం లేకుండా చిన్న వయసులో తీసేయడం, అండాశయాలు కూడా తీసేసి ఎముకలు గుల్లబారేటట్టు చేయడం అన్యాయం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఓర్చుకోవడానికీ, తీయించుకోవడానికీ మధ్య వేరే దారులున్నాయి. మూత్రాన్ని ఆపుకున్నట్టు ఆ కండరాలను బిగించి, కొన్ని క్షణాలు పట్టి వదలడం ఒకటి. రోజూ పదేసి సార్లు, మూడు పూటలా, కొన్ని నెలల పాటు చేయాలి. అమెరికన్ వైద్యుడు కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామం ఇది. తొలి దశలో జారినప్పుడూ, మూత్రం పడిపోతున్నప్పుడూ మేలు చేస్తుంది. పూర్తిగా బయటికి వచ్చినదాన్ని వెనక్కి పంపలేదు. అప్పుడు లోపల అమర్చే పెస్సరీ అనే రింగు పనికొస్తుంది. అప్పుడప్పుడూ తీసి కడగాలి, పరీక్ష చేయించుకోవాలి. కత్తి పెట్టనక్కర్లేదు.

నేపాల్‌లో దీన్ని హక్కుల సమస్యగా కోర్టుకు తీసుకెళ్లారు. గర్భసంచి జారడం పునరుత్పత్తి హక్కుల ఉల్లంఘన అని అక్కడి సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. మనమూ ఆ మాట గట్టిగా అడగాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బాలింతను ఈ విషయం అడగాలి, పరీక్ష చేయాలి, రింగు అందుబాటులో ఉంచాలి. కూలీ స్త్రీకి కాన్పు తర్వాత విశ్రాంతీ, ఆ రోజుల కూలీ దక్కాలి. ఆపరేషన్ అంటే ఏమిటో, వేరే మార్గమేముందో ఆమె భాషలో చెప్పాకే వేలిముద్ర తీసుకోవాలి.

వీటన్నిటికంటే ముందు మనం చేయగలిగిన పని ఒకటుంది. రేపు మీ సంఘం మీటింగులో 'మీలో ఎవరికైనా కింద దిగుతున్నట్టుంటుందా?' అని అడగండి. నాకూ ఉండేదని ముందు మీరు చెప్పగలిగితే ఇంకా మంచిది. నేను ఆరేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టాను. మీరు ఆలస్యం చేయకండి.