మూగవోయిన మీటలు

నేను తెలుగు పండితుడను. యంత్రశాస్త్రము చదివినవాడను గాను. 1984లో బడిపిల్లలకు కంప్యూటరు నేర్పుటకై క్లాస్ అను ప్రభుత్వ ప్రణాళిక ఆరంభమైన పిమ్మట, మా పాఠశాలకును బి.బి.సి. మైక్రో అను ఆంగ్లదేశపు యంత్రము వచ్చెను. ఆ గది తాళపుచెవి నాయొద్ద నుండెను.

ఒక వానకారున దాని కీబోర్డునందు 6, 7 అంకెలును, వై, హెచ్, బి అక్షరములును ఒక్కమారే పనిచేయుట మానెను. ముందునాడు దానికడ కూర్చున్నవాడు ఒక విద్యార్థి. వాడే మీటలను మోది చెడగొట్టెనని నిశ్చయించి, తరగతి యెదుట నిందించి, మరల ఆ గదిలో నడుగిడనీయనైతిని. "నేను గట్టిగా కొట్టలేదు మాస్టారూ" అని వాడు మొరపెట్టుకొన్నను చెవినిడనైతిని.

ఇటీవల పాతసామానులలో పడియున్న ఆ యంత్రమును ఇంటికి తెచ్చుకొంటిని. ఏండ్లతరబడి మూలనున్న యంత్రమును తటాలున కరెంటుకు తగిలింపరాదు. లోపలి పాత కెపాసిటర్లు పగిలి పొగ చిమ్మవచ్చును. వానిని మెకానిక్కుచేత మార్పించి, పిదప ప్రతి మీటను నొక్కి చూచి, ఫలితము కాగితముపై వ్రాసికొంటిని. ఆనాడు మేము గమనింపని ఎఫ్4, ఎఫ్5 మీటలును పలుకలేదు. ఆ రెండింటితో ఆ బాలునికి పనియే లేదు!

ఈ కీబోర్డున ప్రతి మీటకును ప్రత్యేకమైన తీగ యుండదు. పది నిలువు తీగలు, ఎనిమిది అడ్డు తీగలు గల వలలో మీటలు ముడులవంటివి. మీట నొక్కగా ఒక నిలువు తీగ ఒక అడ్డు తీగతో కలియును; ఏ ముడి కలిసెనో కనిపెట్టి యంత్రము అక్షరమును గ్రహించును. బ్రేక్ అను మీట యొక్కటి ఈ వలకు వెలుపలిది.

తర్కమునందలి అన్వయవ్యతిరేకము లిచ్చట అక్కరకు వచ్చినవి. ఒక్క మీటయే చెడినచో దోషము ఆ మీటలోనిది. ఇచ్చట చెడిన వేడును ఒకే నిలువు తీగమీదివి. హెచ్‌తో ఒకే అడ్డు తీగను పంచుకొను జి, ఎన్ మీటలు చక్కగా పనిచేయుచున్నవి. కావున అడ్డు తీగ నిర్దోషము. దోషము నిలువు తీగదే.

కరెంటు తీసివేసి, మూత తెరచి, మల్టీమీటరుతో ఆ తీగను చివరినుండి చివరకు పరీక్షించితిని. ఒకచోట రాగి చిలుముపట్టి తెగియుండెను. అది వానచెమ్మ చేసిన పని. చిలుమును గీకి, సన్నని తీగతో టంకము వేయగా ఏడు మీటలును పలికినవి.

ఆ బాలుడు నేడు నడివయస్కుడు. చిరునామా సంపాదించి, క్షమింపుమని ఉత్తరము వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు. ఉపాధ్యాయ సోదరులారా! వస్తువు చెడినపుడు ముందుగా వస్తువును పరీక్షింపుడు; పిల్లవానిని ఆ పిదప ప్రశ్నింపవచ్చును. సెలవు.