బెంగ అనే మాట

 

ఈరోజు పట్టా అందుకుంటున్న మీరంతా 2019లో డిగ్రీలో చేరారు. 2020 మార్చి మూడో వారంలో కొన్నాళ్లు సెలవులని విని, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని ఇళ్లకు బయల్దేరారు. మార్చి 24 రాత్రి ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. మొదట 21 రోజులన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. హాస్టల్ గదుల్లో మీరు వదిలి వెళ్లిన పుస్తకాలకు చెదలు పట్టాయి.

ఆ మీదట మీకో పేరు పెట్టారు, కరోనా బ్యాచ్ అని. పరీక్షలు సరిగ్గా రాయకుండా గట్టెక్కిన వాళ్లని దాని అర్థం. ఇంటర్వ్యూల్లోనో, బంధువుల పెళ్లి భోజనాల దగ్గరో మీలో చాలామంది ఆ మాట వినే ఉంటారు. ఆ మాట నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

నేను వైద్యుణ్ణి కాను, ముప్పయ్యొక్కేళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ఏడాది మా ఇంటి ముందుగదిలో ల్యాప్‌టాప్ ఎదుట కూర్చుని పాఠం చెప్పేవాణ్ణి. తెర నిండా నల్లటి గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో పేరు. ఒక అబ్బాయి మూడు వారాలు వరుసగా రాలేదు. గైర్హాజరు వేసుకుంటూ పోయాను. నాలుగో వారం ఫోన్ చేసి గట్టిగా మందలించాను. "సారీ సర్, రేపట్నుంచి వస్తాను సర్" అన్నాడు. సరేనని పెట్టేశాను. ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు.

కాలేజీ మళ్లీ తెరిచాక ఒకరోజు వరండాలో నిలబడి అతనే చెప్పాడు. వాళ్ల నాన్న హోటల్లో వంటమాస్టర్. హోటల్ మూతపడింది. తండ్రీకొడుకులిద్దరూ వేసవిలో ఉపాధి హామీ పనికి, తర్వాత పత్తి ఏరడానికి కూలికి వెళ్లారు. ఇంట్లో ఒకటే ఫోను. చెల్లెలు పదో తరగతి, ఇద్దరి క్లాసులూ ఒకే వేళకి. ఫోను చెల్లెలికి ఇచ్చేశాడు. ఇంతవరకూ మామూలుగానే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు సర్. పొద్దున లేవబుద్ధయ్యేది కాదు. అన్నం సయించేది కాదు. ఎవరికైనా చెబుదామనుకున్నాను. కానీ మా వీధిలో ఇద్దరు పోయారు సర్. వాళ్ల పిల్లలే కళ్లు తుడుచుకుని పనికి పోతుంటే, నాదేం కష్టమని చెప్పను?"

అతన్ని అడిగే ఈ సంగతి మీ ముందు చెబుతున్నాను. అతను ఈ వరుసల్లోనే కూర్చున్నాడు.

నాదేం కష్టమని చెప్పను? ఈ ఒక్క ప్రశ్నే మీ తరం నోరు నొక్కేసింది. వైరస్ పెద్దవాళ్లకే ఎక్కువ ప్రమాదమని అన్నారు. కుర్రవాళ్లకేం, వచ్చినా పోతుందన్నారు. ప్రాణాలు పోతున్న చోట చదువు ఆగిందని, స్నేహితులు దూరమయ్యారని, ఏమీ తోచక గుండె దడదడలాడుతోందని చెప్పుకోవడం మీకే సిగ్గనిపించింది. పక్కవాడి పుట్టెడు దుఃఖంతో తూచుకుని మీ దుఃఖాన్ని మీరే కొట్టిపారేశారు. దుఃఖాన్ని తూకం వేసే తక్కెడ ఏదీ లేదమ్మా. వీధిలో ఇద్దరు చనిపోయారన్నది నిజం. ఆ అబ్బాయికి నెలల తరబడి నిద్ర లేదన్నదీ నిజమే.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకుండా ఉండటానికి కొన్ని లెక్కలు చెబుతాను. లాన్సెట్ పత్రిక 2021 అక్టోబరులో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం, 2020లో ప్రపంచవ్యాప్తంగా కుంగుబాటు కేసులు సుమారు 5.3 కోట్లు, ఆందోళన రుగ్మతలు సుమారు 7.6 కోట్లు అదనంగా పెరిగాయి. పెద్దవాళ్లకంటే మీ వయసువాళ్లే, వాళ్లలోనూ ఆడపిల్లలే ఎక్కువ నలిగారు. మానసిక వ్యాధుల్లో ముప్పాతిక భాగం 24 ఏళ్లలోపే మొదలవుతాయని పరిశోధకులు ముందునుంచీ చెబుతున్నారు. ఇల్లు దాటి, నలుగురిలో పడి, తన కాళ్లమీద తాను నిలబడటం నేర్చుకునే వయసది. సరిగ్గా ఆ వయసులో మిమ్మల్ని తిరిగి ఇంట్లో ఒక మూలన కూర్చోబెట్టాం. పగలూ రాత్రీ తారుమారయ్యాయి. చేతిలో ఫోను తప్ప లోకం లేకుండా పోయింది.

2021లో మనదేశంలో 13,089 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక చెబుతోంది. అంటే రోజుకు 35 మందికి పైగా. వీటన్నిటికీ కరోనాయే కారణమని నేననను, ఆత్మహత్యకు ఏ ఒక్కటో కారణం కాదు. కానీ ఆ 13,089 మందిలో ఎంతమంది "బానే ఉన్నాను" అని ఎవరికో చెప్పి ఫోన్ పెట్టేసి ఉంటారో అన్న ఆలోచన నన్ను వదలదు.

యునిసెఫ్ 2021లో 21 దేశాల్లో 15 నుంచి 24 ఏళ్ల వాళ్లను అడిగింది, మనసు బాగోలేనప్పుడు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదేనా అని. మిగతా దేశాలు కలుపుకుని సగటున నూటికి 83 మంది అవునన్నారు. మనదేశంలో అవునన్నది 41 మందే. చెప్పుకుంటే పలచనైపోతామని ఈ పిల్లలకు నేర్పిందెవరు? మేమే.

నిజానికి మన భాషకు ఈ సంగతి బాగా తెలుసు. బెంగ అని ఒక మాట ఉంది. అమ్మను వదిలి చుట్టాలింట్లో ఉన్న పసివాడు మూడోరోజుకు అన్నం మానేస్తాడు, ఒళ్లు వెచ్చబడుతుంది. ఇంట్లో పెద్దావిడ నుదురు తాకి చూసి "వీడు బెంగ పెట్టుకున్నాడే" అంటుంది. ఎవరూ వాణ్ణి తిట్టరు. ధైర్యంగా ఉండమని ఉపన్యాసం ఇవ్వరు. సాయంత్రం బస్సుకే తీసుకెళ్లి తల్లి ఒళ్లో దించుతారు. మనసు నలిగితే ఒళ్లు కాలుతుందనీ, దానికి ముందు కావలసింది మనిషి తోడనీ చదువురాని ఆ పెద్దావిడకు తెలుసు. అయిదేళ్ల వాడి దగ్గర తెలిసిన ఆ సంగతి ఇరవయ్యేళ్ల వాడి దగ్గరికొచ్చేసరికి ఏమైపోతుంది? డిగ్రీ చదివే అమ్మాయి మూడురోజులు సరిగ్గా తినకపోతే ఫోన్ పిచ్చి అంటాం, పొగరంటాం, ప్రేమ వ్యవహారమేమోనని ఆరా తీస్తాం. నుదురు తాకి చూడం.

బెంగ ముదిరితే వ్యాధి అవుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్రా ఆకలీ చెడిపోతే, నేనెందుకూ పనికిరానన్న ఆలోచన అదేపనిగా తిరుగుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఇక్కడే మన నోటి దురుసు అడ్డుపడుతుంది. ఎందరికో వైద్యం చేసి ఇంటికి పంపిన మానసిక ఆసుపత్రి ఉన్న పాపానికి హైదరాబాదులో ఎర్రగడ్డ పేరును తిట్టుగా మార్చేశాం. "వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి" అని సినిమాల్లో చెప్పించుకుని నవ్వాం. ఆ నవ్వు విన్న కుర్రవాడు రేపు తనకు మందు అవసరమైతే ఎవరికి చెబుతాడు? మన చట్టం మనకంటే దయగలది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది. శిక్షించకూడదంది, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అంది.

కరోనా బ్యాచ్ అన్నవాళ్లకు ఇప్పుడు చెబుతాను. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ ఎక్కడుంది, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉంది అని తెల్లవార్లూ వాట్సాప్‌లో వెతికి ఇచ్చినవాళ్లలో ఎంతోమంది ఈ వయసువాళ్లే. దొరికిన మంచాలు కొన్ని, దొరకనివి ఎన్నో. దొరకని రాత్రి తర్వాత ఆ పిల్లలు ఎలా ఉన్నారని ఎవరమూ అడగలేదు. ఇప్పుడైనా అడగండి. ఉద్యోగం ఇవ్వబోయేవాళ్లూ, ఆ రెండేళ్లు ఏం చేశావని అడిగి, జవాబు చివరిదాకా వినండి.

ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు ఒక మనవి. మీరు రోజూ ఫోన్లో "తిన్నావా?" అని అడుగుతారు. ఎంతో ప్రేమ ఉన్న ప్రశ్న అది. "తిన్నాను" అనగానే పెట్టేయకండి. "నిద్ర పడుతోందా?" అని కూడా అడగండి. ఏమీ లేదంటే కాసేపాగి మళ్లీ అడగండి. నేను ఆ అబ్బాయిని ఒక్కసారి కూడా అలా అడగలేదు.

పిల్లలూ, మీరంతా ఇక హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్లి పీజీ గదుల్లో ఉంటారు. పక్కమంచం మీద ఉన్న స్నేహితుడు తలుపేసుకుని ఉండిపోతుంటే సలహా ఇవ్వకండి, పక్కన కూర్చోండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సివస్తే తోడు వెళ్లండి.

ఇప్పుడు మీ ఫోన్లు బయటికి తీయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ఫోన్లో మానసిక సాయం అందించే టెలి మానస్ అనే సేవ మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, పగలైనా రాత్రైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు 14416. రాసుకున్నారా? అమ్మా, నాన్నా, మీరు కూడా రాసుకోండి.