జాతర ప్రయాణమునకు కుటుంబపు గుడారము



ఇల్లు విడిచి నాలుగు దినములు బయలున నివసింపవలసివచ్చినపుడు మనకు ముఖ్యముగా కావలసినవి మూడు: త్రాగునీరు, వంటచెఱకు, తలమీద నీడ. మొదటి రెండింటిని గుఱించి అందఱును ముందుగనే ఆలోచింతురు. మూడవదానిని మాత్రము బయలుదేరునాటి ఉదయమున, బండి యెక్కబోవు వేళ జ్ఞాపకము చేసికొందురు. అప్పుడు కల్లమున వడ్లు ఆరబోయు పెద్ద తాడిపత్రిని చుట్టి బండిలో పడవేయుదురు. దానిని విప్పుటకు నలుగురు, మడచుటకు ఆర్గురు కావలయును. అది బండిలో సగము చోటు నాక్రమించును. ముసలివారు దానిమీద కూర్చుండి ప్రయాణము చేయవలసి వచ్చును. కుటుంబమున కంతకు చాలునదియై, మడచినపుడు చిన్న మూట యగు గుడారమును ఎట్లు ఎన్నుకొనవలెనో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ములుగు జిల్లా తాడ్వాయి మండలమునందలి మేడారమున రెండేండ్ల కొకసారి, మాఘపౌర్ణమికి చేరువ దినములందు, సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. 2024వ సంవత్సరమున అది ఫిబ్రవరి 21వ తేది మొదలు 24వ తేది వఱకు జరిగినది. మొదటినాడు కన్నెపల్లినుండి సారలమ్మయు, మఱునాడు చిలుకలగుట్టనుండి సమ్మక్కయు గద్దెలకు వత్తురు. నాలుగవనాడు వనప్రవేశము. లక్షలకొలది జనము అడవి నడుమ, జంపన్నవాగు చేరువ, ఆకాశము క్రింద విడిది చేయుదురు. ఆ దినములందు పగలు ఎండ చుఱుక్కుమనును. రాత్రి మంచు కురియును.

ఆ సంవత్సరము మా యింటినుండి ఏడుగురము బయలుదేరితిమి: మే మిరువురము, కుమారుడు, కోడలు, ఇద్దరు పిల్లలు, మా అక్కగారు. ఆమెకు డెబ్బదియైదేండ్లు. తన యెత్తు బెల్లము, అనగా అక్కడి వాడుకలో బంగారము, సమర్పించెదనని ఆమెకు మ్రొక్కు కలదు. ఆమె యెత్తు 46 కిలోలు. రాత్రి పరుండుటకు తగిన చోటు కుదిరినగాని అత్తను తీసికొనిపోవుట క్షేమము కాదని మా కుమారు డనెను. "తమ్ముడా, మ్రొక్కినది నేను, నేను రాక బెల్లము వచ్చిన నేమి లాభమురా? కాని వంగి దూరు గుడిసెలో నేను దూరలేను" అని ఆమె యనెను. మా కోడలు మఱియొక మాట చెప్పెను: వాగులో స్నానము చేసివచ్చిన ఆడువారు చీర మార్చుకొనుటకు మఱుగు లేని పందిరి ఆడువారికి పందిరియే కాదని. ఈ మూడు మాటలే మాకు కొలబద్ద లైనవి. బండి చూడబోయిన, ఏడుగురికిని, బెల్లమునకును, వంటసామానునకును పోగా మిగిలిన చోటు ఒక తలగడ పట్టునంత మాత్రమే.

మన భాషలో ఈ వస్తువునకు పేళ్లకు కొదువలేదు. మేలుకట్టు పైన మాత్రమే కప్పును. పందిరి నీడ నిచ్చును గాని మంచు నాపదు. గుడారము నలుదిక్కుల మూయును. కొనబోవువాడు తనకు వీనిలో ఏది కావలయునో మొదట నిశ్చయించుకొనవలెను. తాడిపత్రిని కొన్ని సీమలందు బరకమందురు. అంగడివారు టార్పాలిన్ అందురు. తారు పూసిన గుడ్డ యను అర్థమునుండి ఆ మాట పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. నేడు దానిలో తారు లేదు. అధికముగా ప్లాస్టిక్ నేతయే.

ఇంగ్లండు మొదలగు దేశములందు వండుకొనుటకును పరుండుటకును వీలుగల మోటారుబండ్లలో కుటుంబములు విహారమునకు పోవుట కలదు. దానిని క్యాంపర్‌వ్యాన్ అందురు. ఆ బండి ప్రక్కను తగిలించు గుడారమునకు ఆనింగ్ అని పేరు. అందొక జాతి బండికే బిగింపబడి, పిడి త్రిప్పగా చాపవలె విచ్చుకొనును. రెండవజాతి బండిని ఆనుకొని నిలుచును గాని, బండి వెడలిపోయినను తాను కూలక నిలువగలదు. కొన్నింటిలో వాసములకు మాఱుగా గాలి నింపిన గొట్టము లుండును. అంత వెల పెట్టి మనము తెప్పించుకొననక్కఱలేదు. కాని రెండవజాతియందలి ఉపాయము మాత్రము మనము గ్రహింపదగినది. ఎందుకో ముందు చెప్పెదను.

ఇక మన అంగళ్లలో దొరకునవి చూతము. ఇనుపకాళ్ల మడత పందిరి నిమిషములలో నిలుచును. కాని ముడిచినను ఇంచుమించు అయిదడుగుల పొడవుండి, బరువుగా నుండును. సన్నని కమ్ములతో గోపురమువలె నిలుచు గుడారము మడచిన చేతిసంచిలో పట్టును. కాని లోనికి వంగి దూరవలెను. దానిని చూడగనే అక్కగారు తల యడ్డముగా త్రిప్పిరి. నూలు కిత్తానుగుడ్డ మంచిదే; లోపల ఉక్కపోయదు. కాని అది బరువు. తడిసిన మఱింత బరువు. తడితో చుట్టిపెట్టిన బూజు పట్టును.

బరువును కొలుచు విధము తెలిసికొనుట మేలు. అంగడివారు జి.ఎస్.ఎం. అని చెప్పునది చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగునో ఆ లెక్క. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల గుడ్డ ఇంచుమించు 20 చదరపు మీటర్లు. 120 గ్రాముల రకమైన 2 కిలోల 400 గ్రాములు తూగును. 200 గ్రాముల రకమైన 4 కిలోలు. 400 గ్రాముల కిత్తానైన 8 కిలోలు. మిక్కిలి పలుచనిది గాలికి చినుగును, మిక్కిలి మందమైనది మడతకు లొంగదు. మేము 200 గ్రాముల రకమును తీసికొంటిమి. అంచున త్రాడు పెట్టి కుట్టియున్నదా, మూలలందు రెట్టింపు అతుకున్నదా, కంట్లు గట్టిగా బిగింపబడినవా అని వ్రేలితో లాగి చూడవలెను. గుడ్డ చినుగుట సాధారణముగా కంటికడనే ఆరంభమగును.

చోటు లెక్క యిది. మనిషి పరుండుటకు 6 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చాలును. 12 అడుగుల చదరములో వరుసకు నలుగురు చొప్పున రెండు వరుసలు పట్టి, నడచుటకు రెండడుగుల దారి మిగులును. ఏడుగురు పరుండగా ఎనిమిదవ చోటు సామానునకు.

కట్టు విధము వినుడు. జీపు పైనున్న సామాను కమ్మి నేలనుండి ఆఱున్నర అడుగుల ఎత్తు. గుడ్డ యొక్క 12 అడుగుల అంచును దానికి కట్టి, 12 అడుగుల దూరమున నాలుగేసి అడుగుల కఱ్ఱలు మూడు నిలిపి, వానిమీదుగా గుడ్డను దింపితిమి. పైకప్పునకు పండ్రెండడుగులకు కొంచెము మించి పోయినది. ముందుగోడకు నాలుగడుగులు పోయినది. మిగిలిన అడుగున్నర లోపలికి మడచి చాపక్రింద పెట్టగా గాలి దూరుటకు సందు లేదు. నడుమ జాఱకుండుటకు గుడ్డక్రింద మూడు త్రాళ్లు బిగించితిమి. ఎత్తైన వైపు బండి ప్రక్కనే వాకిలి యగుటచే అక్కగారు తల వంచక ప్రవేశించిరి. ఇరుప్రక్కల గోడలకు ఒక్కొక్క పాత నూలుచీర చాలినది: పదునెనిమిది అడుగుల చీరను మూడు తునుకలు చేసి, ప్రక్కప్రక్కల కలిపి కుట్టిన ఆఱడుగుల ఎత్తు, ఇంచుమించు పదునొకండడుగుల వెడల్పు గల తెర యగును. మిగిలిన అడుగు వాకిలికి; తెర తొలగించుకొని పోవచ్చును. తెరపైన మిగుల సందును మూయరాదు. ప్లాస్టిక్ గుడ్డ క్రింద మన ఊపిరియే చెమ్మయై, తెల్లవాఱుసరికి బొట్లుగా రాలును. గాలి యాడిన నది తగ్గును.

ఇక బండి వెడలిపోయినను నిలుచు ఉపాయము. ఆఱున్నర అడుగుల వెదురుకఱ్ఱలు రెండు, ఒక్కొక్కటి రెండు తునుకలుగా, నడుమ ఇనుపగొట్టపు తొడుగుతో వెంట తీసికొనిపోయితిమి. మూడవనాడు అక్కడి బండ్లను మఱియొక స్థలమునకు మార్చవలసినదని చెప్పిరి. మా కుమారుడు ఆ కఱ్ఱలను నిలిపి, కమ్మికట్టు విప్పి, త్రాళ్లను మేకులకు బిగించెను. లోపల నిద్రించుచున్న పిల్లలు లేవలేదు. చుట్టుప్రక్కల బండికే కట్టుకొన్న వారందఱును సామాను నెత్తిన పెట్టుకొని ఎండలో నిలువబడిరి.

వాగొడ్డు ఇసుకలో ఇనుపమేకు నిలువదు. అట్టిచోట ఒక సంచిలో ఇసుక నింపి, త్రాడు కట్టి, మోకాలిలోతున పూడ్చవలెను. త్రాటికిని కంటికిని నడుమ పాత సైకిలు ట్యూబు ముక్క కట్టిన, గాలి విసరు దానిని సాగదీయును గాని కంటిని చింపదు. గుడ్డ, కఱ్ఱలు, త్రాళ్లు, మేకులు కలిపి పది కిలోలకు మించలేదు. గుడ్డను చుట్టగా పెద్ద తలగడయంత యైనది. కఱ్ఱలు కూర్చుండు బల్లల క్రింద పట్టినవి.

ఒక హెచ్చరిక ప్రాణములకు సంబంధించినది, దయచేసి మఱవకుడు. గుడారములోపల పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని ఎంత చలియైనను పెట్టరాదు. నిప్పంటుకొను భయ మొకటి. అంతకంటె ఘోరము, మూసినచోట బొగ్గు మండగా పుట్టు కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. బండిని ఆనుకొని గుడారము కట్టినపుడు ఇంజనును ఒక నిమిషమైనను నడుపరాదు. దాని పొగయందును ఆ విషమే యున్నది. వంట బయట, గాలి పోవు దిక్కున, గుడ్డకు పదడుగుల దూరమున చేసికొనుడు.

తిరిగివచ్చిన పిమ్మట గుడ్డను కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ప్రతిసారి ఒకే మడతలు పడకుండ మార్చి మడచవలెను. ఎడతెగక మడిచినచోటనే గుడ్డ విఱుగును. క్రొత్తది కొన్నవారు బయలుదేరుటకు ముందు ఇంటిముంగిట ఒక సాయంకాలము కట్టి చూడుడు. చీకటిలో, జనసమ్మర్దములో నేర్చుకొను విద్య కాదిది. కొనుటకు శక్తిలేని కుటుంబములకై ఊరిపెద్దలు చందాతో రెండు గుడారములు కొని గుడియొద్ద నుంచిన, ఏటేట పదిమంది వృద్ధుల మ్రొక్కులు చెల్లును. మా అక్కగారి బంగారము గద్దె చేరినది. మన ఊళ్లలో అట్టి మ్రొక్కుతో, రాత్రి చలికి వెఱచి, ఇంటనే నిలిచిపోయిన ముసలమ్మ లెందఱో లెక్కించి చూడుడు.